సంఘం కంప్యూటరుకు దూరం నుంచి సంరక్షణ

(క్లౌడ్ పద్ధతిని గురించి పాలకవర్గ సభ్యులు, కార్యదర్శులు తెలుసుకోవలసిన విషయాలు)

పాల సేకరణ కేంద్రంలో ఒకప్పుడు కొలత పాత్రలు, లాక్టోమీటరు, గెర్బర్ పరీక్ష సామగ్రి, ఒక రిజిస్టరు ఉంటే సరిపోయేది. నేడు చాలా సంఘాలలో ఎలక్ట్రానిక్ కాటా, పాల విశ్లేషణ యంత్రం, చీటీ ముద్రించే ప్రింటరు, వీటన్నిటినీ కలిపే కంప్యూటరు ఉన్నాయి. పాలు పోసిన కొద్ది క్షణాలలోనే ఎన్ని లీటర్లు, వెన్న ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత, వచ్చే సొమ్ము ఎంత అన్నది చీటీ మీద పడి సభ్యుని చేతికి వస్తున్నది. లెక్క మీద సభ్యులకు నమ్మకం పెరగడానికి ఇది ఎంతగానో తోడ్పడింది.

అయితే ఈ సౌకర్యంతోపాటు సంఘానికి ఒక కొత్త బాధ్యత కూడా వచ్చింది. కంప్యూటరు ఆగిపోయినంత మాత్రాన గేదె పాలివ్వడం ఆపదు. క్యాను పట్టుకుని వరుసలో నిలబడిన సభ్యురాలు రేపు రమ్మంటే ఊరుకోదు. పాలు నిలవ ఉండే సరుకు కాదు. ఆ పూట లెక్క తప్పితే ఆ పక్షం బిల్లు తప్పుతుంది. బిల్లు తప్పితే దాణాకు పెట్టిన అప్పు, పిల్లవాని ఫీజు, అన్నీ తప్పుతాయి. కాబట్టి సంఘం కంప్యూటరును బాగుగా ఉంచడం కేవలం కార్యదర్శి సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. పాలు పోసే ప్రతి కుటుంబానికీ సంబంధించిన విషయం.

గ్రామాలలో ఉన్న కంప్యూటర్లను జిల్లా కేంద్రంలోనే కూర్చుని, ఇంటర్నెట్ ద్వారా సిద్ధం చేసి, సంరక్షించే పద్ధతి ఇప్పుడు బాగా వ్యాప్తిలోకి వచ్చింది. దీనినే క్లౌడ్ ద్వారా నిర్వహణ అంటున్నారు. ఇది ఎట్లా పనిచేస్తుంది, దీనివల్ల సంఘానికి కలిగే లాభమేమి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్న విషయాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

క్లౌడ్ అంటే ఏమిటి?

పేరులో మేఘం ఉన్నా పని అంతా నేలమీదనే జరుగుతుంది. పెద్ద పెద్ద భవనాలలో వేలాది కంప్యూటర్లను అమర్చి, వాటికి నిరంతరాయంగా కరెంటు, చల్లదనం, కాపలా ఏర్పాటు చేసి, కావలసిన వారికి కావలసినంత మేరకు అద్దెకు ఇస్తారు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో పూణే, చెన్నై, ముంబయి ప్రాంతాల నుంచి మన దేశంలో ఈ సేవలు ప్రారంభించింది. అమెజాన్ సంస్థ 2016లో ముంబయిలోను, 2022 నవంబరులో హైదరాబాదులోను ప్రారంభించింది.

పాడి భాషలో చెప్పాలంటే ఇది బల్క్ కూలరు వంటిది. ప్రతి ఇంటికీ ఒక శీతల యంత్రం కొనలేము గనుక అందరి పాలనూ ఒక చోట చల్లబరుస్తాము. అట్లాగే ప్రతి కార్యాలయమూ సొంతంగా పెద్ద సర్వరు కొని, దానికి ఒక ఇంజనీరును పెట్టుకునే బదులు అద్దె కంప్యూటరును వాడుకుంటుంది. ఖర్చు తగ్గుతుంది. అయితే కూలరు చెడితే అందరి పాలూ ఒకేసారి చెడిపోయే ప్రమాదం కూడా ఉందని మనకు తెలుసు. ఈ పోలికను పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు దీని అవసరం మళ్ళీ వస్తుంది.

పాత పద్ధతిలో ఇబ్బంది

ఒక జిల్లా యూనియన్ కింద 300 సంఘాలు ఉన్నాయనుకుందాం. పాల లెక్కల ప్రోగ్రాములో ధరల పట్టిక మారింది. పాత పద్ధతిలో అయితే సాంకేతిక సహాయకుడు పెన్‌డ్రైవు జేబులో వేసుకుని ఊరూరా తిరగాలి. రోజుకు రెండు సంఘాలు చూసినా 150 పనిదినాలు పడుతుంది; అంటే సుమారు ఆరు నెలలు. చివరి సంఘానికి చేరేసరికి మొదటి సంఘంలో చేసిన మార్పు పాతదైపోతుంది. పైగా పెన్‌డ్రైవు ఒక కంప్యూటరులోని వైరసును మరొక కంప్యూటరుకు మోసుకుపోతుంది.

కొత్త కంప్యూటరు కొన్నప్పుడూ ఇదే తంతు. పెట్టె ముందు జిల్లా కార్యాలయానికి చేరాలి. అక్కడ అన్ని ప్రోగ్రాములు ఎక్కించాలి. ఆ తరువాత పాల వ్యాను మీదనో, బస్సు మీదనో ఊరికి పోవాలి. ఇట్లా పది చేతులు మారిన తరువాత ఏ కంప్యూటరులో ఏ ప్రోగ్రాము ఉన్నదో, ఎవరి పాస్‌వర్డు ఏమిటో ఎవరికీ సరిగా తెలియని స్థితి ఏర్పడుతుంది. అన్ని సంఘాలకూ ఒకే పాస్‌వర్డు పెట్టి, దానిని మానిటరు మీద చీటీ అంటించడం కూడా ఈ ఇబ్బంది లోంచి పుట్టిన అలవాటే.

కొత్త పద్ధతి ఎట్లా పనిచేస్తుంది?

ఈ పని చేసే సాధనాలు అనేకం ఉన్నాయి. విండోస్ కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ వారి ఇంట్యూన్ ఎక్కువ ప్రచారంలో ఉంది. ఇది 2011లో విండోస్ ఇంట్యూన్ అన్న పేరుతో వచ్చింది. కొత్త కంప్యూటరును దానంతట అదే సిద్ధం చేసే ఆటోపైలట్ అన్న ఏర్పాటు 2017లో దీనికి తోడైంది. ఆండ్రాయిడ్ ఫోన్లకు, క్రోమ్‌బుక్కులకు గూగుల్ వారి ఏర్పాట్లు ఉన్నాయి. చెన్నైకి చెందిన జోహో సంస్థ మేనేజ్‌ఇంజిన్ పేరుతో ఇట్టి సాధనాలను తయారు చేస్తున్నది. పేర్లు వేరైనా పని జరిగే క్రమం దాదాపు ఒకటే. ఇంట్యూన్‌ను ఉదాహరణగా తీసుకుని వివరిస్తాము.

1. గుర్తింపు: మన పశువుల చెవికి 12 అంకెల ట్యాగు వేసినట్లే ప్రతి కంప్యూటరుకూ దాని యంత్ర భాగాలను బట్టి ఏర్పడే ఒక గుర్తింపు ఉంటుంది. అమ్మినవారు గాని, యూనియన్ వారు గాని ఈ గుర్తింపును ముందుగా క్లౌడ్‌లో నమోదు చేస్తారు. దానితో ఈ కంప్యూటరు ఫలానా యూనియన్ నిర్వహణలోనిది అని ఖాయమవుతుంది.

2. ప్రణాళిక: పాల కేంద్రం కంప్యూటరుకు ఏ ప్రోగ్రాములు కావాలి, ఏ ప్రింటరు కావాలి, ఏవి ఉండరాదు అన్న జాబితాను యూనియన్ ఒకేసారి రాసిపెడుతుంది. పాల కేంద్రానికి ఒక జాబితా, శీతలీకరణ కేంద్రానికి మరొకటి, పశువైద్య విభాగానికి ఇంకొకటి ఉండవచ్చు.

3. మొదటిసారి తెరవడం: పెట్టె నేరుగా సంఘానికే చేరుతుంది. కార్యదర్శి దానిని తీసి, కరెంటు, ఇంటర్నెట్ కలిపి, తనకిచ్చిన ఖాతా పేరు, పాస్‌వర్డు కొడతాడు. కంప్యూటరు క్లౌడ్‌ను సంప్రదించి, తాను ఎవరిదో తెలుసుకుని, జాబితా ప్రకారం ప్రోగ్రాములను తానే దింపుకుంటుంది. నలుగురు వంతులవారీగా వాడే కౌంటరు కంప్యూటరును ఎవరి ఖాతా అవసరం లేకుండానే సిద్ధం చేసే వీలు కూడా ఉంది.

4. నిత్య పరిశీలన: ఆ తరువాత కంప్యూటరు సుమారు 8 గంటలకొకసారి క్లౌడ్‌ను పలకరించి, కొత్త ఆదేశాలు ఏమైనా ఉన్నాయా అని చూసుకుంటుంది. వైరసు రక్షణ పనిచేస్తున్నదా, అప్‌డేట్లు వేసుకున్నదా అన్న సమాచారం యూనియన్‌కు అందుతుంది. వెనుకబడిన కంప్యూటర్ల జాబితా ఒక్క తెరమీద కనిపిస్తుంది.

ఇంటర్నెట్ ఒక పూట లేకపోయినంత మాత్రాన కంప్యూటరు పని ఆపదు. ఆదేశాలు అందడం మాత్రమే ఆలస్యమవుతుంది. అయితే పాల లెక్కల ప్రోగ్రాము కూడా నెట్ లేకుండా నడిచేదై ఉండాలి. ఇది వేరే విషయం. దానిని కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

సంఘానికి కలిగే లాభాలు

ముందు చెప్పిన ధరల పట్టిక మార్పు ఈ పద్ధతిలో ఆరు నెలలకు బదులు ఒకటి రెండు రోజులలో అన్ని సంఘాలకూ చేరుతుంది. సంఘం కంప్యూటరు పూర్తిగా చెడిపోతే యూనియన్‌లో నిలవ ఉన్న మరొక దానిని పంపవచ్చు. అది సంఘం గదిలోనే సిద్ధమవుతుంది.

పాస్‌వర్డుల విషయం మరీ ముఖ్యం. ప్రతి కంప్యూటరులో మార్పులు చేసే అధికారం ఉన్న ఒక ఖాతా ఉంటుంది. ల్యాప్స్ అనే విండోస్ ఏర్పాటు ప్రతి కంప్యూటరుకూ ఆ ఖాతాకు వేరువేరు పాస్‌వర్డు పెట్టి, గడువు ప్రకారం దానంతట అదే మారుస్తుంది. 2023 నుంచి దీనిని క్లౌడ్ ద్వారా నడిపే వీలు కలిగింది. ఒక ఊరి పాస్‌వర్డు బయటపడినా పక్క ఊరికి ముప్పు రాదు.

బిట్‌లాకర్ అనే ఏర్పాటు డిస్కు మీది సమాచారాన్ని రహస్య లిపిలో ఉంచుతుంది. కంప్యూటరును దొంగ ఎత్తుకుపోయినా సభ్యుల బ్యాంకు ఖాతా నంబర్లు, ఆధార్ వివరాలు చదవలేడు. దీనికి 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య ఉంటుంది. దానిని క్లౌడ్‌లో భద్రపరుస్తారు. పోయిన కంప్యూటరును ఖాళీ చేయమని ఆదేశం కూడా పంపవచ్చు. కాని అది తిరిగి ఇంటర్నెట్‌కు తగిలినప్పుడే ఆ ఆదేశం పనిచేస్తుందని మరువరాదు. అందుచేత బిట్‌లాకరే అసలైన రక్షణ.

రెండు సంఘటనలు, రెండు పాఠాలు

ఈ లాభాలన్నీ నిజమే అయినా, ఇందులోని చిక్కు తెలియాలంటే రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది 2017 మే 12న జరిగింది. వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలోకి చొరబడి, ఫైళ్ళను తెరవకుండా బిగించి, విడిపించడానికి సొమ్ము అడిగింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రులలో దాదాపు 19 వేల మంది రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దీని బారిన పడ్డాయి. విచారించవలసిన విషయమేమంటే ఆ లోపాన్ని సరిదిద్దే అప్‌డేటును మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చి 14నే విడుదల చేసింది. రెండు నెలలు గడిచినా దానిని వేసుకోని కంప్యూటర్లే ప్రధానంగా దెబ్బతిన్నాయి. గాలికుంటు టీకా వచ్చి ఊరి ఆసుపత్రిలో ఉన్నా పశువులకు వేయించకపోతే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది.

రెండవది 2024 జులై 19న జరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన రక్షణ ప్రోగ్రాముకు సంబంధించిన ఒక చిన్న ఫైలును ప్రపంచమంతటా పంపింది. మన కాలమానం ప్రకారం అప్పుడు ఉదయం 9 గంటల 39 నిమిషాలు. ఆ ఫైలులో దోషం ఉంది. 78 నిమిషాలలో దానిని ఉపసంహరించినా, అప్పటికే సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కుప్పకూలాయి. విమానాలు, బ్యాంకులు, ఆసుపత్రులు స్తంభించాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగు పాసులు చేతితో రాసి ఇచ్చారు. పడిపోయిన కంప్యూటరు ఇంటర్నెట్ వరకు రాలేదు గనుక చాలా చోట్ల దూరం నుంచి బాగుచేసే వీలు లేకపోయింది. ఒక్కొక్క కంప్యూటరు దగ్గరకు మనిషి పోయి ఆ ఫైలును తీసివేయవలసి వచ్చింది. అందుకు బిట్‌లాకర్ 48 అంకెల సంఖ్య కావలసి వచ్చి, అది దొరకక ఇంకా ఆలస్యమైన చోట్లు ఉన్నాయి.

మొదటి సంఘటనలో దెబ్బతిన్నవారు అప్‌డేటు వేసుకోనివారు. రెండవదానిలో దెబ్బతిన్నవారు అప్‌డేటు అందరితోపాటు వెంటనే అందుకున్నవారు. వేయకపోతే ఒక ప్రమాదం, అందరికీ ఒక్కసారి వేస్తే మరొక ప్రమాదం. దూరం నుంచి నిర్వహణ చేసేవారు ఈ రెండింటి మధ్య దారి వెతుక్కోవాలి.

టాంకరులో పోసే ముందు పరీక్ష

ఆ దారి మన పాడి మనుషులకు కొత్తది కాదు. ఊళ్ళ నుంచి వచ్చిన క్యాన్లను చూడకుండానే టాంకరులో పోయము. ప్రతి క్యాను మూత తీసి వాసన చూస్తాము, అనుమానం వస్తే పరీక్ష చేస్తాము. ఒక్క పుల్ల క్యాను టాంకరును మొత్తం చెడగొడుతుందని మనకు అనుభవం.

అప్‌డేట్లకు కూడా ఇదే నియమం పెట్టుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండవ మంగళవారం భద్రతా అప్‌డేట్లు విడుదల చేస్తుంది. కాల వ్యత్యాసం వల్ల మనకు ఆ రాత్రి గాని, బుధవారం గాని అందుతాయి. ఈ నెలవారీ అప్‌డేట్లను 30 రోజుల వరకు వాయిదా వేసుకునే వీలు ఇంట్యూన్‌లో ఉంది. కంప్యూటర్లను మూడు వరుసలుగా విభజించుకుంటే ఇట్లా ఉంటుంది:

మొదటి వరుస: యూనియన్ కార్యాలయంలోని నాలుగైదు కంప్యూటర్లు. వీటిలో ఒకదానికి పాల విశ్లేషణ యంత్రం, కాటా, చీటీ ప్రింటరు నిజంగా తగిలించి ఉండాలి. అప్‌డేటు వచ్చిన రోజే వీటికి వేయాలి.

రెండవ వరుస: జిల్లా కేంద్రానికి దగ్గరగా ఉన్న 20, 30 సంఘాలు. మూడు, నాలుగు రోజుల తరువాత వీటికి వేయాలి. ఏదైనా తేడా వస్తే మనిషి ఒక గంటలో చేరగలగాలి.

మూడవ వరుస: మిగిలిన సంఘాలన్నీ. వారం, పది రోజుల తరువాత. మారుమూల ఊళ్ళు, రోడ్డు సరిగా లేని ఊళ్ళు ఈ వరుసలోనే ఉండాలి.

విశ్లేషణ యంత్రం తగిలించాలని చెప్పడానికి కారణముంది. ఇవి చాలావరకు పాతకాలపు సీరియల్ పోర్టు ద్వారా, ప్రత్యేకమైన డ్రైవరు సహాయంతో కంప్యూటరుతో మాట్లాడతాయి. అప్‌డేటు తరువాత విండోస్ చక్కగా తెరుచుకున్నా, వెన్న శాతం మాత్రం తెరమీదకు రాకపోవచ్చు. ఆ సంగతి పాల యంత్రం తగిలించిన కంప్యూటరులోనే బయటపడుతుంది.

ఇక్కడ మరొక మాట చెప్పాలి. 2024 సంఘటనలో వరుసల పద్ధతి పాటించిన సంస్థలు కూడా దెబ్బతిన్నాయి. ఎందుకంటే ఆ రకం ఫైలును వాయిదా వేసుకునే అవకాశం వినియోగదారులకు అప్పట్లో లేదు. ఆ తరువాతే సంస్థ ఆ అవకాశం కల్పించింది. కాబట్టి ఏ రక్షణ ప్రోగ్రాము కొన్నా, దాని మార్పులన్నీ దశలవారీగా తీసుకునే వీలుందా అని అమ్మేవారిని లిఖితపూర్వకంగా అడగాలి.

పాల వేళలను గౌరవించాలి

అప్‌డేటు వేసుకున్న కంప్యూటరు ఒకసారి ఆగి మళ్ళీ మొదలుకావాలి. అది ఉదయం ఆరు గంటలకు జరిగితే కేంద్రం ముందు గొడవ తప్పదు. విండోస్‌లో "పని గంటలు" అన్న ఏర్పాటు ఉంది. ఆ గంటలలో అది దానంతట అదే ఆగి మొదలుకాదు. దీనిని గరిష్ఠంగా 18 గంటల వరకు పెట్టవచ్చు. తెల్లవారుజామున 4 గంటల నుంచి రాత్రి 10 గంటల వరకు పెడితే సరిగ్గా 18 గంటలు. రెండు పూటల సేకరణ, లెక్కలు అప్పగించడం అన్నీ ఇందులో ఇమిడిపోతాయి. ఆఫీసు ఉద్యోగుల కోసం పెట్టిన వేళలను అట్లాగే పాల కేంద్రాలకు వర్తింపజేయకుండా సంఘాలు యూనియన్‌కు ముందే చెప్పాలి.

అయితే రాత్రి కేంద్రం మూసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపివేసే అలవాటు ఉన్న సంఘాలలో అప్‌డేటు ఎప్పటికీ పూర్తికాదు. వారానికి ఒక రాత్రి అయినా కంప్యూటరును, నెట్‌ను ఆన్‌లో ఉంచే ఏర్పాటు చేసుకోవాలి. మోడెము మొబైల్ సిమ్ముతో నడుస్తుంటే డేటా పరిమితి ఎంతో చూసుకోవాలి. పెద్ద అప్‌డేటు అనేక జీబీలు తాగుతుంది.

తాళంచెవి ఎవరి దగ్గర?

300 కంప్యూటర్లకు ఒకే చోట నుంచి ఆదేశాలు పంపవచ్చునంటే, 300 కంప్యూటర్లను ఒకే చోట నుంచి పాడుచేయవచ్చునని కూడా అర్థం. ఇది ఎవరినీ అనుమానించి చెప్పే మాట కాదు. నిర్వాహకుని పాస్‌వర్డు దొంగ చేతిలో పడితే అంతా దొంగ చేతిలో పడినట్లే. 2024 జులై చివరిలో సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థ మీద దాడి జరిగినప్పుడు, దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపు సేవలను తాత్కాలికంగా వేరుచేయవలసి వచ్చింది. దాడి జరిగింది ఒక్క చోట. ఇబ్బంది పడింది అనేక ఊళ్ళ ఖాతాదారులు. అందుచేత ఈ క్రింది నియమాలు అవసరం.

1. నిర్వాహకులు ఇద్దరు, ముగ్గురికి మించరాదు. పాస్‌వర్డుతోపాటు ఫోనుకు వచ్చే సంకేతం వంటి రెండవ తాళం తప్పనిసరిగా ఉండాలి.

2. కంప్యూటరును ఖాళీ చేయడం వంటి పెద్ద ఆదేశాలకు ఇద్దరి ఆమోదం ఉండాలి. చెక్కు మీద అధ్యక్షుని సంతకం, కార్యదర్శి సంతకం రెండూ ఉంటేనే సొమ్ము కదలడం మనకు తెలిసిన పద్ధతే.

3. ఉద్యోగి మారిన రోజే అతని అధికారం రద్దు కావాలి.

4. క్లౌడ్ ఖాతా యూనియన్ పేరునే ఉండాలి. ప్రైవేటు కాంట్రాక్టరు పేరున ఉంటే అతనితో తగాదా వచ్చిన రోజున మన కంప్యూటర్లే మన మాట వినవు.

5. 48 అంకెల సంఖ్యల కాపీ ఒకటి క్లౌడ్‌కు బయట, ముద్ర వేసిన కవరులో బీరువాలో ఉండాలి.

యూనియన్ వారు మా లెక్కలు చూస్తారా అని కొందరు సభ్యులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇంట్యూన్ తెరమీద కంప్యూటరు మోడలు, క్రమసంఖ్య, అందులోని ప్రోగ్రాముల జాబితా, అప్‌డేట్ల స్థితి కనిపిస్తాయి. ఫైళ్ళ లోపలి విషయం కనిపించదు. కాని నిర్వాహకుడు ప్రత్యేక ఆదేశాలు రాసి పంపితే కంప్యూటరుచేత దాదాపు ఏ పనైనా చేయించగలడు. కాబట్టి ఏమి చేయవచ్చు, ఏమి చేయరాదు అన్నది సంఘానికి, యూనియన్‌కు మధ్య రాతపూర్వకంగా ఉండాలి. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం, 2025లో నిబంధనలు వచ్చాయి. సభ్యుల వివరాలకు మనం బాధ్యులమన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ పద్ధతి చేయని పని

చాలామంది పొరపాటుపడే చోటు ఇది. క్లౌడ్ ద్వారా కంప్యూటరును నిర్వహిస్తున్నారంటే అందులోని లెక్కలు కూడా క్లౌడ్‌లో భద్రంగా ఉన్నాయని అర్థం కాదు. ఇంట్యూన్ వంటి సాధనం చెడిపోయిన కంప్యూటరు స్థానంలో ప్రోగ్రాములన్నీ ఉన్న కొత్త కంప్యూటరును ఇస్తుంది. అది కొత్త రిజిస్టరు పుస్తకం వంటిది. పాత పుస్తకంలో రాసిన లెక్క అందులోకి రాదు. పాల లెక్కల నకలును రోజూ వేరొకచోట దాచే ఏర్పాటు విడిగా ఉండాలి. ఆ నకలు నుంచి లెక్కలు నిజంగా తిరిగి వస్తున్నాయా అన్నది మూడు నెలలకొకసారి పరీక్షించాలి.

పూట లెక్కల షీటును ప్రతి పూటా ముద్రించి ఫైలులో ఉంచడం, ఒక చేతి రిజిస్టరును సిద్ధంగా ఉంచుకోవడం కూడా మానరాదు. విమానాశ్రయానికే కాగితం, కలం అక్కరకు వచ్చినప్పుడు మన కేంద్రానికి రాకుండా పోవు. కొత్తగా చేరిన పరీక్షకునికి చేతి పరీక్ష, చేతి లెక్క నేర్పించాలి.

కొత్త కంప్యూటరు కొనేటప్పుడు

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు రుసుము చెల్లించి కొంతకాలం భద్రతా అప్‌డేట్లు పొందే వీలున్నా, అది తాత్కాలిక ఏర్పాటు మాత్రమే. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా భాగం అవసరం. పాత కంప్యూటర్లు చాలావాటిలో అది ఉండదు.

కొటేషను అడిగేటప్పుడు విండోస్ "ప్రో" రకం అని స్పష్టంగా రాయాలి. "హోమ్" రకం కొంచెం చౌకగా వస్తుంది గాని, పైన చెప్పిన ఆటోపైలట్ పద్ధతికి పనికిరాదు. తరువాత మార్చుకోవాలంటే మళ్ళీ ఖర్చు. కంప్యూటరు గుర్తింపును యూనియన్ పేరున నమోదు చేసి ఇచ్చే షరతును కూడా ఆర్డరులో చేర్చాలి. పాతబడిన కంప్యూటరును అమ్మేటప్పుడు ఆ నమోదును తొలగించాలి. లేకుంటే కొన్నవాని ఇంట్లో కూడా అది మన యూనియన్ ఖాతానే అడుగుతుంది.

ఈ సాధనాలకు నెలసరి చందా ఉంటుంది. యూనియన్ భరిస్తుందా, సంఘం భరించాలా, చందా ఆగితే ఏమవుతుంది అన్నది ముందే తేల్చుకోవాలి.

పాలకవర్గం తీర్మానించవలసినవి

ఇట్టి ఏర్పాటుకు ఒప్పుకునే ముందు పాలకవర్గ సమావేశంలో ఈ ఆరు ప్రశ్నలు చర్చించి, జవాబులను మినిట్స్ పుస్తకంలో రాయించడం మంచిది.

1. మా సంఘం ఏ వరుసలో ఉంది? అప్‌డేటు మాకంటే ముందు ఎవరికి వేసి చూస్తారు?

2. పని గంటలు మా పాల వేళలకు సరిపోతున్నాయా?

3. మా కంప్యూటరును ఖాళీ చేసే అధికారం ఎవరెవరికి ఉంది? మాకు ముందుగా తెలియజేస్తారా?

4. లెక్కల నకలు ఎక్కడ ఉంది? చివరిసారి ఎప్పుడు పరీక్షించారు?

5. కంప్యూటరు ఆగితే ఎవరికి ఫోను చేయాలి? ఎంత సేపటిలో జవాబు వస్తుంది?

6. ఆ పూట పాలు చేతితో రాసుకోవడానికి రిజిస్టరు, ధరల పట్టిక కౌంటరులో ఉన్నాయా?

మొదటి అయిదు ప్రశ్నలకు యూనియన్ జవాబు చెప్పాలి. ఆరవ దానికి మాత్రం సంఘమే జవాబు చెప్పుకోవాలి. కంప్యూటరును ఎంత దూరం నుంచి ఎవరు చూసుకున్నా, కౌంటరు ముందు నిలబడిన సభ్యునికి లెక్క చెప్పవలసింది కార్యదర్శే. ఈ నెల పాలకవర్గ సమావేశం ఎజెండాలో ఈ విషయాన్ని చేర్చవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము.